ఏడొందల మీటర్ల డొంక కోసం నాలుగు టైర్లు

నాకు విజయవాడలో ఉద్యోగం, ప్రత్తిపాడు దగ్గర కాస్త పొలం. శనివారం పొద్దున్నే నా పికప్ బండి ఇసుజు వీ-క్రాస్ తొట్టిలో యూరియా కట్టలో, డ్రిప్ పైపులో పడేసుకుని బయల్దేరతాను. వారధి దాటి, కాజ టోల్‌గేటు, గుంటూరు, అక్కణ్నుంచి ప్రత్తిపాడు. రానూపోనూ 110 కిలోమీటర్ల పైనే. ఇందులో మట్టిదారి ఎంతయ్యా అంటే, ఊరి సిమెంటు రోడ్డు అయిపోయిన చోటి నుంచి మా చేను దాకా ఏడొందల మీటర్ల డొంక, అంతే.

2025 ఆగస్టులో ఓ మధ్యాహ్నం వాన వెలిసింది కదా అని ఆ డొంకలోకి దిగాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ బై ఫోర్ ఉందన్న ధీమా. వంద గజాలు పోయానో లేదో, స్టీరింగు ఎటు తిప్పినా బండి ట్రాక్టర్ గాడిలోకే జారుతోంది. కాసేపటికి అదీ లేదు, నాలుగు చక్రాలూ ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి. దిగి చూస్తే టైరు మీద ఒక్క గాడి కనపడలేదు. నల్లరేగడి బంక అంతటా కూరుకుపోయి, పైన నున్నగా మెరుస్తూ అచ్చం గుండు టైరులా ఉంది. వేలు పెట్టి గీకితే బెల్లం పాకంలా సాగింది. చివరికి పక్క చేను వాళ్ల ట్రాక్టర్ వచ్చి లాగింది. డబ్బులు తీసుకోలేదు కానీ, వాళ్ల నవ్వు మాత్రం ఇంకా గుర్తుంది.

బండితో వచ్చినవి హైవే టైర్లు, అప్పటికే 52 వేల కిలోమీటర్లు తిరిగినవి. ఎలాగూ మార్చాల్సిందే. ఏది వేయాలన్నదే సమస్య.

మా అక్క మొగుడైతే ఒకటే పాట. "మడ్ టైర్లు వేయించు బామ్మర్దీ, చెరువులో దిగినా లేచొస్తది." ఆయన మాట అబద్ధం కాదు. మడ్ టైరుకి దిమ్మెకీ దిమ్మెకీ మధ్య సందు బాగా వెడల్పు. చక్రం తిరిగే ఊపుకి మట్టిని విసిరికొడుతుంది. కానీ తారు రోడ్డు మీద అదే టైరు లారీలా హోరుమంటుంది, తొందరగా అరుగుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే దూరం పోయి ఆగుతుంది. 110 కిలోమీటర్లూ ఆ హోరు భరించేది ఏడొందల మీటర్ల కోసమా? మా ఆవిడ అయితే రెండో వారానికే బండెక్కడం మానేస్తుంది.

అందుకని హైవే టైరుకీ మడ్ టైరుకీ మధ్యరకం, ఆల్ టెరైన్ వైపు మొగ్గాను. కంకర, ఇసుక, ఎర్రమట్టికి అది చాలు. నాకు నచ్చింది దాని పక్కగోడ మందం. పత్తి పీకేశాక మిగిలే మోళ్లు, గట్ల మీద తుమ్మముళ్లు పాత టైర్లను ఏడాదిలో మూడుసార్లు పంక్చర్ చేశాయి. తడి రేగడిలో మాత్రం ఆల్ టెరైన్ కూడా పూడుకుపోతుంది, కాకపోతే కాస్త ఆలస్యంగా. ఇది ముందే తెలిసే కొన్నాను.

సైజు దగ్గర మళ్లీ బావే. నా బండికి 255/60 ఆర్18, అందులో 255 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. "265/60 వేయించు, బండి ఎత్తు పెరుగుద్ది" అన్నాడు. కాగితం మీద లెక్కేశాను. ఉన్న టైరు వ్యాసం 763 మిల్లీమీటర్లు, ఆయన చెప్పింది 775. వ్యాసంలో తేడా 12 అయినా, బండి లేచేది అందులో సగం, ఆరు మిల్లీమీటర్లు. మా డొంకలో అది ఓ పెంకుముక్క మందం కూడా కాదు. పాత సైజే ఖాయం చేశాను. బావ అలిగాడు.

కొనేముందు ఆగడం మాత్రం కలిసొచ్చింది. సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగింటి మీద ఐదు వేల దాకా మిగిలింది.

అక్టోబరులో ఆటోనగర్ వెళ్లాను. మొదటి షాపులో ఆయన టైరు పక్కన ఉన్న మంచురేకు గుర్తు చూపించి, "మంచులో కూడా పట్టు ఉంటదండీ" అన్నాడు. రెంటచింతల ఎండలు తెలిసినవాణ్ని, నాకెందుకండీ మంచు అన్నాను. ధర బాగానే ఉంది. తడిగుడ్డ అడిగి పక్కగోడ తుడిచి నాలుగంకెల తేదీ వెతికాను. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. మూడు టైర్ల మీద 2225. నాలుగోది గోడవైపు తిప్పి పెట్టారు, తిప్పి చూస్తే 3922. అంటే మూడేళ్ల నాటి సరుకు. "వాడలేదు కదండీ, కొత్తదే" అంటాడు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుందని ఆయనకి తెలియదా! బయటికొచ్చేశాను.

రెండు షాపులు దాటాక నాలుగూ ఒకే నెలవి దొరికాయి. ఏ కంపెనీవో చెప్పను, చెబితే మా బావ అదెందుకు కొన్నావని ఇంకో గంట మాట్లాడతాడు. రెండే మార్చుకుంటే డబ్బు మిగిలేది కానీ, ఈ బండిని ఫోర్ వీల్‌లో పెడితే ముందూ వెనకా ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి. కొత్తవీ అరిగినవీ కలిస్తే గేర్ల మీద భారం. పాతవాటిలో బాగున్న ఒకదాన్ని స్టెప్నీగా కింద బిగించారు.

మైలేజీ లీటరుకి ఒక కిలోమీటరు పడిపోయింది. 80 దాటితే సన్నగా ఝుమ్మని మోత, పాటలు పెడితే వినపడదు. పంక్చర్ ఇప్పటిదాకా లేదు.

డొంక సంగతికొస్తే, నవంబరులో సగం ఆరిన మట్టిలో టైర్ల గాలి 35 నుంచి 22కి దింపి నెమ్మదిగా లాగించాను. చేను దాకా వెళ్లింది. తిరిగొచ్చి సిమెంటు రోడ్డెక్కాక చిన్న కంప్రెసర్ పెట్టి మళ్లీ గాలి కొట్టుకోవడానికి పావుగంటకి పైనే పట్టింది. తర్వాతి వారం పచ్చి తడి మీద వెళ్తే సగం దారిలో మళ్లీ అదే నున్నటి గుండు. ఈసారి రివర్సులో బయటపడ్డాను.

ఇప్పుడు వాన పడితే బయల్దేరేముందు మా పొలం చూసే పెద్దాయనకి ఫోన్ చేస్తున్నాను. ఆయన డొంకలో పదడుగులు నడిచి చెబుతాడు. మొన్న శనివారం ఫోన్లోనే చప్ చప్ మని శబ్దం, తర్వాత ఆయన గొంతు: "చెప్పు ఊడి మట్టిలోనే ఉండిపోయింది బాబూ. బండి గుడి కాడ పెట్టి నడిచిరా."