4 మిల్లీమీటర్ల ఉబ్బు, 33 గడులు
బెంగళూరులో ఎమ్మారై పనిలో ఉన్నానని మదనపల్లె వైపు బంధువులు రిపోర్టులన్నీ నాకే పంపుతుంటారు. ఈమధ్య మా పిన్ని తలనొప్పికని తీయించుకున్న స్కాన్‌లో 4 మిల్లీమీటర్ల అన్యూరిజం, అంటే మెదడు రక్తనాళపు గోడ బలహీనపడి బుడగలా పొంగిన చోటు, బయటపడింది. "రక్తం పారే బొమ్మ తీస్తే అది పగిలేదీ లేనిదీ తెలిసిపోతుందంట కదా నాయనా" అని ఆమె అడిగింది.

పెద్దవాళ్లలో నూటికి సుమారు ముగ్గురికి ఇలాంటివి ఉంటాయని అంచనా. చాలావరకు పగలకుండానే ఉండిపోతాయి. 2012లో వెలువడిన జపాన్ అధ్యయనంలో 3-4 మిల్లీమీటర్ల వాటికి పగిలే రేటు ఏడాదికి 0.36 శాతం. అయినా చిన్నవే పగిలి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నందువల్ల, పరిమాణంతో సరిపెట్టుకోక లోపలి ప్రవాహాన్నీ చూడాలన్న ఆశ వైద్యుల్లో బలపడింది.

ఫోర్‌-డీ ఫ్లో ఎమ్మారైలో, అంటే పిన్ని అడిగిన రక్తం పారే బొమ్మలో, గుండె లయను అనుసరించి, మూడు దిశల్లో రక్తవేగాన్ని గడిగడికీ, అంటే బొమ్మను విడగొట్టిన ఒక్కో చిన్న ఘనానికీ, కొలుస్తారు. తెర మీద రంగురేఖలు సుడులు తిరుగుతుంటే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది, కానీ గడి కొలత 1 మిల్లీమీటరైతే 4 మిల్లీమీటర్ల గోళంలో పట్టేవి దాదాపు 33 గడులే, వాటిలోనూ ఎక్కువ భాగం గోడను తాకి, రక్తంతో పాటు బయటి కణజాలాన్నీ కలిపి చూపేవే. గోడను రక్తం ఒరిసే బలాన్ని, అంటే వాల్ షియర్ స్ట్రెస్‌ను, గోడ పక్కన వేగం ఎంత త్వరగా మారుతోందన్న దాన్నిబట్టే లెక్కిస్తారు గనుక, కొలత అతి బలహీనంగా ఉన్నచోటే మనకు అతి ముఖ్యమైన అంకె కావలసివస్తుంది. అది అసలుకన్నా తక్కువగా తేలుతుంది. గడిని అర మిల్లీమీటరుకు తగ్గిస్తే ఒక్కో గడిలోని సిగ్నల్ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. వేగపరిధిని, అంటే యంత్రం సరిగ్గా కొలవగల గరిష్ఠ వేగాన్ని, అసలు నాళానికి తగినట్టు పెడితే ఉబ్బులోని నిదానపు ప్రవాహం కొలతలోని అడ్డదిడ్డపు హెచ్చుతగ్గుల్లో, అంటే నాయిస్‌లో మునుగుతుంది, తగ్గిస్తే నాళంలోని రక్తం వెనక్కి పారుతున్నట్టు కనిపిస్తుంది.

పోనీ, ఆ అంకె కచ్చితంగా దొరికిందే అనుకుందాం. ఒరిపిడి ఎక్కువైనా, తక్కువైనా గోడకు చేటేనని రెండు వైపులా పరిశోధనలు ఉన్నాయి. కాబట్టి సుడి ఎటు తిరుగుతోంది, రక్తం ఎక్కడ తగులుతోంది అన్నంతవరకే నేను ఆ బొమ్మను నమ్ముతాను.

నిర్ణయానికి ఇప్పటికీ ఉబ్బు ఉన్న చోటు, దాని మీద పిల్ల ఉబ్బు ఉందా లేదా, వయసు, బీపీ, పొగతాగే అలవాటు, కాలక్రమంలో పెరుగుదల ఇవే ఆధారం. పిన్నికి బీపీ మాత్ర మానవద్దనీ, మళ్లీ తీయించే స్కాన్ అదే యంత్రం మీద, అదే పద్ధతిలో తీయించమనీ చెప్పాను; యంత్రం మారితే, కనబడిన అర మిల్లీమీటరు తేడా ఉబ్బుదో యంత్రానిదో తేల్చడం కష్టం.