ఫ్రామ్ ఓడలో మూడు గంటలు

ఓస్లో సిటీ హాల్ ఎదుట రేవులో ఫెర్రీ ఎక్కితే బిగ్డోయ్ చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఫెర్రీ ఒడ్డు తాకకముందే ఫ్రామ్ ఓడ ఉన్న మ్యూజియం కనబడింది. గోడలనేవి లేకుండా కప్పే నేల దాకా దిగినట్టుంది, రెండు పేకముక్కలు ఆనించి నిలబెట్టినట్టు.

"అంత ఓడని లోపలికెలా దూర్చారక్కా?" అంది మా చెల్లెలు. నాలుగేళ్లుగా ఓస్లోలోనే ఉంటోంది, ఇటు రావడం మాత్రం ఇదే మొదటిసారట!

దూర్చలేదు. 1935లో ఫ్రామ్‌ని ఒడ్డుకి లాగి, దాని మీదే ఈ భవనం కట్టారు. మరుసటి సంవత్సరం, 1936లో, జనానికి తెరిచారు.

నేను వెళ్లింది అమున్‌సెన్ కోసం. 1911 డిసెంబర్ 14న దక్షిణ ధ్రువం మీద మొదట కాలుమోపిన మనిషి అంటార్కిటికా దాకా వెళ్లిన ఓడ ఇదే మరి. లోపల అడుగుపెట్టగానే పొట్ట ఉబ్బిన నల్లటి చెక్క ఓడ మీద మీదకి వస్తున్నట్టుంటుంది. పొడవు 39 మీటర్లు, వెడల్పు 11. అందం చూస్తే ఏమీ లేదు, సగం కొబ్బరి చిప్పలా ఉంది. కానీ ఉద్దేశం అదే. జెనెట్ అనే ఓడ 1881లో సైబీరియాకి ఉత్తరాన మంచులో చిక్కి నలిగి మునిగిపోయింది. మూడేళ్లకి దాని సామాన్లు గ్రీన్‌లాండ్ ఒడ్డున దొరికాయి. సామాన్లు కొట్టుకొస్తే మంచుతో పాటు ఓడ ఎందుకు రాదు, అనుకున్నాడు నార్వే అన్వేషకుడు నాన్సెన్. మంచుతో పోట్లాడకుండా, అది నొక్కినప్పుడల్లా జారి పైకి లేచేట్టు 1892లో ఓడలు కట్టే కాలిన్ ఆర్చర్ చేత ఈ గుండ్రటి ఓడ కట్టించాడు. చుక్కాని, ప్రొపెల్లర్ మంచుకి విరగకుండా పైకి లాక్కునే ఏర్పాటు కూడా ఉంది.

ఓడ ఎక్కి లోపలికి దిగనిస్తారు. నిటారు మెట్లు దిగి, తలుపు దగ్గర వంగడం మర్చిపోయి నుదురు కొట్టుకున్నాను. ఆ బొప్పితోనే మిగతాదంతా చూశాను. భోజనాల గది మధ్యలో, చుట్టూ అగ్గిపెట్టెల్లాంటి కేబిన్లు. మనుషుల ఊపిరి గోడల మీద గడ్డకట్టకుండా పలకల మధ్య ఫెల్టు, బెండు, రెయిన్‌డీర్ వెంట్రుకలు కూరారు. దీపాలకి కరెంటు, డెక్ మీద గాలిమర నుంచి. నాన్సెన్‌తో కలిపి పదమూడుగురు మగాళ్లు మూడేళ్లు ఈ ఇరుకులో ఉన్నారు. మా ఇంట్లో నలుగురం వర్షానికి రెండ్రోజులు బయటికి పోలేకపోతేనే మాటలు పడిపోతాయి.

అక్కడ పట్టుకుంది నన్ను యాల్మార్ జొహాన్‌సెన్ కథ. ఫ్రామ్‌లో వేరే చోటు లేదంటే బొగ్గు వేసేవాడిగా చేరాడట. 1895 మార్చిలో నాన్సెన్, అతనూ ఓడ దిగి, కుక్కల బళ్లతో ఉత్తరానికి నడిచారు. 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం దాకా, అప్పటికి ఎవరూ వెళ్లనంత దూరం వెళ్లి వెనక్కి తిరిగారు. ఫ్రాంజ్ జోసెఫ్ లాండ్‌లో రాళ్లు పేర్చి, వాల్రస్ తోళ్లు కప్పి, చలికాలమంతా ఎలుగుబంటి మాంసంతో గడిపారు. ఒళ్లు చేశారు కూడా! ఎన్నో నెలలు ఒకే సంచిలో పడుకున్న ఆ ఇద్దరూ 1895 చివరి రాత్రి దాకా ఒకరినొకరు "మీరు" అనే పిలుచుకున్నారు. ఆ రాత్రి నాన్సెన్ అన్నాడట, ఇక "నువ్వు" అనుకుందామని.

అదే జొహాన్‌సెన్ పదిహేనేళ్లకి అమున్‌సెన్ తోనూ ఇదే ఓడలో వెళ్లాడు. 1911 సెప్టెంబర్‌లో తొందరపడి చలిలో ధ్రువానికి బయల్దేరి వెనక్కి తిరిగినప్పుడు, అమున్‌సెన్ ముందు వెళ్లిపోతే, వెనకబడ్డ ప్రెస్ట్రుడ్ అనే సహచరుణ్ణి జొహాన్‌సెన్ తీసుకొచ్చాడు. మర్నాడు అందరి ముందూ నాయకుణ్ణి నిలదీశాడు. ఫలితం: ధ్రువానికి వెళ్లే జట్టులోంచి పేరు తీసేశారు. 1913 జనవరిలో, ఇదే ఊళ్లో, తన ప్రాణం తానే తీసుకున్నాడు. అమున్‌సెన్ చేసింది నాయకుడిగా తప్పేం కాదనే వాళ్లున్నారు. నాకైతే మింగుడుపడలేదు.

చలి ఎలా ఉంటుందో చూపించే గది ఒకటుంది, పిల్లలకి సరదా. సొరంగం దాటి వెళితే యోవా, 1903–06లో మొదటిసారి వాయవ్య మార్గం (ఉత్తర అమెరికాకి పైన అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి వెళ్లే సముద్ర దారి) దాటిన చిన్న పడవ. దాన్ని చూస్తే ఫ్రామ్ రాజభవనంలా అనిపిస్తుంది.

బయటికొస్తే సముద్రం వైపు కంచు మనుషులు నిలబడి ఉన్నారు, ధ్రువం చేరిన జట్టు. చెల్లెలు ఫోటో తీస్తూ, "ఎవరక్కా వీళ్లు?" అంది. లెక్కపెట్టాను. ఐదుగురు.

"ఇంకొకడుండాలి," అన్నాను.

"ఫెర్రీ వస్తోంది, పద," అంది.