లంచ్ టైంలో బ్రెగ్జిట్

నిన్న మధ్యాహ్నం డబ్బా తెరిచానో లేదో, పక్క సీటు పెద్దాయన మళ్లీ బ్రెగ్జిట్ ఎత్తుకున్నాడు, అదే, ఇక్కడి బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం. 2016లో బయటికే ఓటేసిన మనిషి. "మా వాణిజ్య ఒప్పందాలు మేమే చేసుకుంటున్నాం కదా, ఇంకేం కావాలి?" అంటాడు.

నేనేమో సరుకు పంపే కాగితాలు చూసుకునేవాణ్ణి. 2020 డిసెంబరు దాకా ఫ్రాన్స్‌కి పెట్టె పంపడమంటే విజయవాడ నుంచి గుంటూరు పంపినట్టే. ఇప్పుడూ సుంకం సున్నానే. కానీ ఆ సున్నా దక్కాలంటే సరుకు ఎక్కడ పుట్టిందో రుజువు చూపాలి, కస్టమ్స్ డిక్లరేషన్ నింపాలి, మాంసమో చీజో అయితే పశువైద్యుడి సంతకం కూడా. పెద్ద కంపెనీలు దానికో మనిషిని పెట్టుకుంటాయి. చిన్నవాళ్లు ఈ తలనొప్పి మాకొద్దని మానుకుంటారు. బడ్జెట్ అంచనాలు కట్టే ఓబీఆర్ సంస్థ కూడా, యూనియన్‌లోనే ఉండుంటే వచ్చేదానికన్నా బ్రిటన్ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందనే లెక్కేసింది.

ఆ మాటే అన్నాను. "మరి మీ ఇండియా ఒప్పందం?" అన్నాడు. అక్కడ దొరికిపోయాను. 2025 జులైలో సంతకాలయ్యాయి. విస్కీ మీద మనవాళ్ల 150 శాతం సుంకం ముందు 75కి, పదేళ్లలో 40కి దిగుతుందని ఆయన సంబరం. మన భీమవరం రొయ్యకి ఇక్కడ సుంకం పోతుందని లోపల నాకూ సంబరమే! యూనియన్‌లో ఉంటే బ్రిటన్ విడిగా ఆ సంతకం పెట్టలేకపోయేది, ఒప్పుకోవాల్సిందే. కాకపోతే ఇక్కడి సరుకు ఎగుమతుల్లో దాదాపు సగం ఇప్పటికీ యూరప్‌కే. పక్క వీధి సంతకి తాళం వేసి, పొరుగు జిల్లా తిరునాళ్లలో కొట్టు పెట్టినట్టుంది.

ఈ గొడవలో నా పప్పన్నం చల్లారిపోయింది. ఆయన శాండ్‌విచ్‌కి ఆ బాధ లేదు.