తిరగని కారుకే తిప్పలెక్కువ

కారులో ఏదో ప్రాబ్లం అని నన్నెవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే, నెలకి ఎంత తిరుగుద్ది అని. "అబ్బే పెద్దగా బయటికి తియ్యనండి, అందుకే ఇంకా కొత్తదానిలా ఉంది" అని మురిసిపోతూ చెప్తారు చూడండి, అక్కడే నాకు అనుమానం మొదలవుద్ది. పైకి కొత్తగా ఉండటం వేరు, లోపల బాగుండటం వేరు. టాక్సీలు చూడండి, లక్షల కిలోమీటర్లు తిరిగి కూడా పొద్దున్నే ఒక్క తిప్పుకి స్టార్ట్ అవుతాయి, ఎందుకంటే రోజూ ఇంజిన్ పూర్తిగా వేడెక్కుద్ది, బ్యాటరీ చార్జ్ అవుద్ది, టైర్లు దొర్లుతాయి, బ్రేకులు డిస్కుని రుద్దుతాయి. ఇంట్లోనే కూర్చుని పని చేసుకునేవాళ్ల కారుకి, రెండో కారుకి, పెద్దవాళ్లు ఎప్పుడో ఒకసారి తీసే కారుకి ఇవేవీ జరగవు. కాబట్టి తక్కువ వాడుతున్నాం కదా అని తక్కువ పట్టించుకోవడం కరెక్ట్ కాదు, ఇలాంటి కార్లకే ఎక్కువ చూసుకోవాలి అని నేనంటాను.

ముందుగా బ్యాటరీ, ఎందుకంటే ఎక్కువమందిని రోడ్డు మీద నిలబెట్టేది అదే. కారు లాక్ చేసి వెళ్లిపోయాం కాబట్టి కరెంటు వాడకం ఆగిపోయింది అనుకుంటాం, ఆగదు. అలారం మేలుకునే ఉంటుంది, రిమోట్ నుంచి సిగ్నల్ వస్తుందేమో అని రిసీవర్ ఎదురుచూస్తా ఉంటుంది, గడియారం, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ, ఇవన్నీ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. మామూలుగా ఇది 20 నుంచి 50 మిల్లీఆంపియర్లు ఉంటుంది, అబ్బో ఎంత తక్కువో అనిపిస్తుంది కానీ లెక్కేసి చూడండి, 50 అనుకుంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, నెలకి 36. మీ బ్యాటరీ 45 ఆంపియర్ అవర్లది అయితే ఇక మిగిలేది ఎంత? దానికి తోడు పార్కింగ్ మోడ్‌లో రికార్డ్ చేసే డ్యాష్‌కామ్ పెట్టుకుంటే నెల కూడా అక్కర్లేదు. ఇంకొకటి, బటన్ స్టార్ట్ ఉన్న కార్లలో తాళం కారుకి దగ్గర్లో వేలాడదీస్తే కొన్ని మోడళ్లు తాళం ఇక్కడే ఉంది అనుకుని సరిగ్గా నిద్రపోవు, అది కూడా బ్యాటరీకే దెబ్బ.

ఖాళీ అయితే ఏముంది మళ్లీ చార్జ్ చేసుకుంటాం అనుకోవద్దు. ఈ బ్యాటరీలు లెడ్ యాసిడ్‌వి, చార్జ్ లేకుండా పడి ఉంటే లోపల ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ పెట్టినా మునుపటి కెపాసిటీ రాదు. రెండు మూడుసార్లు పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీని ఇక నమ్మకూడదు. ఒక చిన్న మల్టీమీటర్ కొని ఇంట్లో పెట్టుకోండి, కారు కొన్ని గంటలు ఆగి ఉన్న తర్వాత టెర్మినల్స్ మీద పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గర ఉంటే సగానికి వచ్చినట్టు, 12 కన్నా కిందకి దిగితే దాదాపు అయిపోయినట్టే. ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు 14 కి అటూ ఇటూ ఉండాలి (కొన్ని కొత్త కార్లలో ఇది కావాలనే పైకీ కిందకీ మారుతుంటుంది, కంగారు పడొద్దు). మామూలు కారులో ఇంజిన్ నడుస్తున్నా 13 కూడా రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో దాని బెల్టుదో. ఈ ఒక్క రీడింగ్ చూసుకోకుండా బ్యాటరీ మార్చేసి, వారానికి అది కూడా డౌన్ అయ్యాక తల పట్టుకునేవాళ్లు బోలెడుమంది.

ఇప్పుడు అందరూ చేసే పని ఒకటుంది, వారానికోసారి కిందకి దిగి కారు స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు అలా ఉంచి ఆపేసి పైకి వచ్చేయడం. నన్నడిగితే అసలు స్టార్ట్ చెయ్యకపోవడమే నయం. స్టార్టర్ మోటారు ఒక్కసారి తిరగడానికే బోలెడు కరెంటు లాగేస్తుంది, కారు కదలకుండా ఇంజిన్ ఒక్కటే నడిచే ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది అంతంతమాత్రం, దానికి తోడు మనం ఏసీ కూడా వేసుకుని కూర్చుంటాం. ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు, ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది, ఆవిరి రూపంలో. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ ఆవిరి అంతా బయటికి పోతుంది, లేకపోతే సైలెన్సర్‌లోనే నీళ్లయి కూర్చుని లోపల్నించి తుప్పు పట్టిస్తుంది. కొంత ఇంజిన్ ఆయిల్‌లో కూడా కలుస్తుంది, ఆయిల్ పోసే మూత తీస్తే దాని లోపలి వైపు మీగడలాగా తెల్లగా పేరుకుని ఉంటే ముందు అనుమానించాల్సింది ఈ తేమనే (ఇంజిన్ని చల్లబరిచే కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే మాత్రం అది వేరే కథ, ఇంజిన్ పైభాగంలో సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ చెక్ చేయించాలి). అందుకని స్టార్ట్ చేస్తే ఒక అరగంట రోడ్డు మీద తిప్పండి. డ్యాష్‌బోర్డులో ముల్లు మధ్యకి వచ్చేసింది కదా అంటే అది కూలెంట్ వేడి, ఆయిల్ ఆ వేడికి రావడానికి ఇంకా టైం పడుతుంది. తిప్పే వీలు లేదు, పార్కింగ్‌లో ప్లగ్ పాయింట్ ఉంది అంటే నిండగానే తనంతట తాను తగ్గించుకునే చిన్న చార్జర్లు దొరుకుతాయి, అవి పెట్టుకోండి, హాయి.

ఊరెళ్తున్నాం, నెగటివ్ టెర్మినల్ తీసేసి వెళ్లొచ్చా అని అడుగుతారు. తీయొచ్చు, పాత కార్లకి బాగా పనికొస్తుంది. కానీ తీసేముందు రెండు సంగతులు చూసుకోండి, ఒకటి రిమోట్ పని చెయ్యదు కాబట్టి రిమోట్ లోపల దాక్కుని ఉండే చిన్న లోహపు తాళం ఎలా బయటికి లాగాలో, డోరు మీద దాని కన్నం ఎక్కడుందో తెలుసుకోండి. రెండోది, బ్యాటరీ డిక్కీలో ఉండి ఆ డిక్కీ కరెంటుతో తెరుచుకునేది అయితే దాన్ని మూసేముందు ఒకసారి మాన్యువల్ చదవండి, లేకపోతే బ్యాటరీ లోపల మీరు బయట.

ఇంత చేసినా డౌన్ అయితే జంప్ స్టార్ట్, అంటే వేరే కారు మంచి బ్యాటరీకి కేబుళ్లు కలిపి స్టార్ట్ చెయ్యడం. కేబుళ్లు కలిపే వరస మాత్రం తప్పొద్దు, ఎరుపు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, దాని రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత నలుపు మంచి బ్యాటరీ మైనస్‌కి, చివరి కొన మాత్రం డౌన్ అయిన కారు ఇంజిన్ మీద పెయింట్ లేని లోహానికి, బ్యాటరీకి కాస్త దూరంగా. ఎందుకంటే చివరి కొన తగిలించేటప్పుడు నిప్పురవ్వ వస్తుంది, బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ గ్యాస్ ఉండొచ్చు. తీసేటప్పుడు దీనికి సరిగ్గా రివర్స్.

టైర్ల గురించి అందరికీ తెలిసిందే కానీ ఎవరూ చూడరు. కారు కదలకపోయినా టైరులో గాలి నెలకి ఒక పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత), ఒక్కోసారి రెండు తగ్గుతూనే ఉంటుంది, చలికాలం వస్తే ఇంకా, వాతావరణం ఆరేడు డిగ్రీలు చల్లబడితే ఒక పీఎస్ఐ దాకా పడిపోద్ది. గాలి తక్కువగా ఉన్న టైరు మీద కారు బరువంతా ఒకేచోట నెలల తరబడి ఉంటే ఆ భాగం చదునుగా అయిపోయి, బయల్దేరగానే డబ డబ డబ అని స్టీరింగ్ అదురుతుంది. కొద్ది రోజులే అయితే వేడెక్కాక సర్దుకుంటుంది, మరీ ఎక్కువకాలం అయితే టైరు మార్చడమే. గాలి ఎంత పెట్టాలి అనేదానికి టైరు పక్కన రాసున్న అంకె చూడొద్దు, అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ కారుకి కావాల్సింది డ్రైవర్ డోరు తీస్తే ఆ స్తంభం మీద అతికించిన స్టిక్కర్‌లో ఉంటుంది, అది కూడా టైరు చల్లగా ఉన్నప్పటి లెక్క.

అదే టైరు పక్కన డీఓటీ అని మొదలయ్యే అక్షరాల చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019 లో 23వ వారంలో తయారైంది అని. తక్కువ తిరిగిన సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినప్పుడు నేను మీటరు కన్నా ముందు ఇది చూస్తాను. పువ్వు, అంటే టైరు మీది గాళ్ల డిజైన్, అంతా నిండుగా ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండకి గట్టిపడి పక్కన సన్నగా పగుళ్లు వచ్చేసి ఉంటాయి. "టైర్లు ఇంకా చాలాకాలం వస్తాయి సార్" అంటాడు అమ్మేవాడు. వానలో బ్రేకు వేస్తే తెలుస్తుంది ఎంతకాలం వస్తాయో.

బ్రేకు అంటే గుర్తొచ్చింది. రాత్రి వాన పడితే పొద్దున్నకల్లా డిస్కు మీద ఎర్రగా తుప్పు కనిపిస్తుంది, భయపడి ఫొటోలు తీసి పంపిస్తుంటారు. డిస్కులు పోత ఇనుముతో చేసినవి, తుప్పు రాకపోతే ఆశ్చర్యపడాలి, నాలుగుసార్లు బ్రేకు నొక్కితే అదే పోతుంది. పోకుండా గరగర సౌండ్ రోజూ వస్తుంటే, గుంటలు పడితే, అప్పుడు మెకానిక్ దగ్గరికి. ఎక్కువ రోజులు పార్క్ చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి వెళ్లొద్దు, వెనకాల బ్రేకు పట్టుకుపోతుంది, సమతలంగా ఉన్నచోట గేర్‌లో వేసి, ఆటోమేటిక్ అయితే పీ లో పెట్టి, చక్రాల కింద ముందూ వెనకా అడ్డు పెట్టండి. బ్రేక్ ఆయిల్ సంగతి అయితే మరీను, అది గాలిలో తేమని పీల్చుకునే రకం, కారు తిరిగినా తిరగకపోయినా పీలుస్తుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, నీళ్లు చేరాక ఆ హామీ 155 కి దిగిపోతుంది, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఆయిల్ మరిగి పెడల్ మెత్తగా లోపలికి పోవడం అంటే ఇదే. అందుకే ఎక్కువ కంపెనీలు దీన్ని దాదాపు రెండేళ్లకోసారి మార్చమంటాయి.

సర్వీసింగ్ కూడా అంతే. 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని రాసుంటే మనవాళ్లు మొదటి సగమే చదువుతారు. మూడు వేలు కూడా తిరగలేదు ఆయిల్ ఎందుకు మార్చాలి అని గొడవ. చిన్న చిన్న ట్రిప్పులే తిరిగిన మూడు వేలు అయితే హైవే మీద తిరిగిన దానికంటే ఆయిల్ తొందరగా పాడవుతుంది, తేమ, కాలని పెట్రోలు రెండూ అందులోనే చేరతాయి. డీజిల్ అయితే ఇంకో తలనొప్పి, డీపీఎఫ్. పొగలో మసిని పట్టే ఫిల్టర్ అది, ఆ మసిని కాల్చుకోవాలంటే 600 డిగ్రీల దాకా వేడి కావాలి, పక్క వీధి దాకా వెళ్లొస్తే ఆ వేడి ఎక్కడ్నుంచి వస్తుంది, కాలడం మొదలయ్యేలోపే మనం ఇంజిన్ ఆపేస్తాం. డ్యాష్‌బోర్డులో దీని లైటు వెలిగిన మొదట్లోనే ఒక ఇరవై నిమిషాలు ఆగకుండా మంచి స్పీడ్‌లో తోలితే చాలాసార్లు అదే క్లియర్ అవుద్ది, చూద్దాంలే అని వదిలేస్తే పవర్ తగ్గించేసి పాకిస్తుంది. ఊళ్లోనే నెలకి నాలుగుసార్లు తిరిగేవాళ్లు డీజిల్ కొనకండి, అంతే, దీనిమీద ఇక చర్చ లేదు.

ఎలక్ట్రిక్ కారు వాళ్లు నవ్వుకోనక్కర్లేదు, వాటిల్లోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరేగా ఉంటుంది, అది డౌన్ అయితే పెద్ద బ్యాటరీ నిండా చార్జ్ ఉన్నా కారు లేవదు. పెద్దదాన్ని కూడా నెలల తరబడి నూరు శాతం మీద వదిలెయ్యకుండా సగం దగ్గర ఉంచితే మంచిది.

ఇక అసలు శత్రువు, ఎలుక. కదలని కారు బానెట్ కింద చీకటిగా, గాలీ వానా తగలకుండా ఉంటుంది, ఇల్లు కట్టుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఎలుకకి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. దాని ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతూనే ఉండాలి, మన వైర్లు సరిగ్గా దాని సైజులో ఉంటాయి. నాఫ్తలీన్ ఉండలు, మిరియాల స్ప్రే అన్నీ నేను చూశాను, వాసన ఉన్నన్ని రోజులు పని చేస్తాయి, తర్వాత చెయ్యవు. సౌండ్‌తో తరిమే మెషిన్ల మీద నాకు నమ్మకం లేదు, పైగా బ్యాటరీకి తగిలించేవి అయితే అవీ దాన్నే తాగుతాయి. విషం మాత్రం పెట్టొద్దు, అది తిని పోయి ఏసీ గొట్టంలో చచ్చిందంటే డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి. పని చేసేది ఏంటంటే కారుని మధ్యమధ్యలో కదపడం, లోపల తినేవాటి తునకలు లేకుండా చూడటం, ఏసీకి గాలి వెళ్లేచోట సన్నని ఇనుప జాలీ వేయించడం, వారానికోసారి బానెట్ ఎత్తి చూడటం. నల్లటి చిన్న రెట్టలు, పీకేసిన దూది, ఎండు ఆకులు కనిపిస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా, క్యాబిన్ ఫిల్టర్ రెండూ తెరవండి. వైరు రాగి బయటపడి కనిపిస్తే స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి, షార్ట్ సర్క్యూట్ అయితే పోయేది ఒక్క వైరు కాదు.

బానెట్ ఎత్తినప్పుడే అద్దం కింద వైపర్ల దగ్గరున్న జాలీలో ఆకులు తీసెయ్యండి, అక్కడ నీళ్లు పోయే రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోతే వాననీళ్లు లోపలికి దారి చూసుకుంటాయి, కాళ్ల కింద మ్యాట్ తడిగా ఎందుకుందో తెలియక నెలలు గడిపేవాళ్లున్నారు. చెట్టు కింద పార్క్ చేసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. తడి కారు మీద కవర్ కప్పకండి. ఏసీ చలికాలంలో కూడా వారానికి పది నిమిషాలు వెయ్యండి, సీళ్లకి ఆయిల్ అందుతుంది. దిగే కాస్త ముందు ఏసీ ఆపి ఫ్యాన్ ఉంచితే ఆ పుల్లటి కంపు రాకుండా ఉంటుంది.

చాలారోజుల తర్వాత కారు తీస్తున్నారంటే తాళం తిప్పేముందు కిందకి వంగి ఏమైనా కారిందేమో, బానెట్ కింద ఎవరైనా కాపురం ఉన్నారేమో చూసి, కూలెంట్, ఆయిల్ లెవెల్ చూసుకుని, గాలి కొట్టే షాపు దాకా నిదానంగా వెళ్లండి. మొదటి బ్రేకు మాత్రం ఖాళీ రోడ్డు మీద, తక్కువ స్పీడ్‌లో, వెనక ఎవరూ లేనప్పుడు వెయ్యండి.