మందు ఒంటికి పట్టేదాకా

శనివారం. ఉదయం ఇడ్లీ తిన్న తరువాత, ఆందోళన తగ్గడానికి ఇచ్చిన ఎస్సిటలోప్రాం మాత్ర వేసుకున్నాను. ప్రస్తుతానికి 5 మిల్లీగ్రాముల మోతాదే నడుస్తోంది; వచ్చే వారం చూసి 10కి పెంచుతామని డాక్టరు గారు అన్నారు. మాత్ర వేసుకున్న కొంతసేపటికి రోజూలాగే కడుపులో తిప్పడం, అణచుకోలేని ఆవులింతలు, చేతివేళ్లలో సన్నని వణుకు వరుసగా వచ్చాయి. భయం తగ్గడానికి ఇచ్చిన మందు తొలి రోజుల్లో అచ్చంగా ఆ భయం వేషమే వేసుకుని వస్తుందన్న సంగతి ముందుగా తెలియకపోయి ఉంటే, నేను ఈపాటికి మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేసి ఉండేదాన్ని.

ఒంట్లో ఏ కాస్త తేడా కనిపించినా ప్రాణం మీదికి వచ్చిందని ఉలిక్కిపడటమే నా జబ్బు. అటువంటి మనిషికి ఒంట్లో తేడాలు తెచ్చే మందు ఇచ్చి, పూర్తి గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చని, అందాకా ఓపిక పట్టమని చెప్పడం వినడానికి విచిత్రంగానే ఉంటుంది. అయితే మా సైకియాట్రిస్టు గారు మొదటి రోజే అన్నీ కాగితం మీద రాసి ఇచ్చారు: వికారం, ఆవులింతలు, నిద్ర చెదరడం, ఒక్కోసారి ఆందోళన పెరిగినట్లు అనిపించడం తొలి వారాల్లో మామూలేనని, అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడుతున్నామని, చాలామందికి ఇవి రెండు వారాల్లో సర్దుకుంటాయని, చనిపోవాలన్న ఆలోచనల వంటివి వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే ఫోను చేయాలని, నా అంతట నేను హఠాత్తుగా మాత్ర మానేయకూడదని. ఆ కాగితాన్ని బీరువా తలుపుకు లోపలివైపు అతికించుకున్నాను. ఇన్నాళ్లూ మాత్ర కన్నా ఆ కాగితమే నాకు ఎక్కువ పనిచేసిందేమోనని అనుమానం.

ఇక్కడిదాకా రావడానికే చాలా కాలం పట్టింది. మొదటిసారి అర్ధరాత్రి గుండె దడదడలాడి, ఊపిరి అందక, చేతులు తిమ్మిరెక్కి, ఇక బతకనన్న నిశ్చయంతో క్యాజువాలిటీకి వెళ్లినప్పుడు ఈసీజీ తీశారు, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ రక్తపరీక్ష చేశారు. తరువాత టూడీ ఎకో అనే గుండె స్కాను, థైరాయిడ్ పరీక్షలు కూడా అయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయి. బంధువుల్లో సగం మంది గ్యాస్ అన్నారు, మిగిలిన సగం మంది దిష్టి అన్నారు. ఏమీ లేదన్న మాట ఆ పూటకు ఊరటనిచ్చినా, మళ్లీ అదే వచ్చినప్పుడు, ఏమీ లేకపోతే మరి ఇదంతా ఏమిటన్న ప్రశ్న ఇంకా పెద్దదై కూర్చునేది. చివరికి ఒక రాత్రి, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేశాను. అవతలి మనిషి తెలుగులోనే, తొందరపెట్టకుండా మాట్లాడి, ఇది ప్యానిక్ అటాక్‌లా, అంటే హఠాత్తుగా ముంచెత్తే తీవ్ర భయంలా ఉందని, దీనికి వైద్యం ఉందని చెప్పారు. పిచ్చి డాక్టరు దగ్గరికా అన్న పాత సంకోచం అడ్డుపడుతున్నా, ఆ తరువాతి వారమే విజయవాడ సూర్యారావుపేటలోని సైకియాట్రిస్టు గారి దగ్గరికి వెళ్లాను.

ఆఫీసు ఈ రోజు ఒంటిపూటే. జీఎస్టీ రిటర్నుల గడువు దగ్గరపడుతున్నందున లెక్కలు సరిచూస్తూ కూర్చున్నాను. కెఫీన్ దడను రెచ్చగొడుతుందని కాఫీ తగ్గించమన్నారు కాబట్టి, పదకొండు గంటలకు అందరి చేతుల్లో కాఫీ గ్లాసులు, నా చేతిలో మజ్జిగ. ఈ వైద్యంలో నాకు ఇంతవరకు మింగుడుపడనిది ఇదొక్కటే.

మధ్యాహ్నం సైకాలజిస్టు గారిని కలిశాను. మందు రాసే సైకియాట్రిస్టు వేరు, మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టు వేరు. మా ఇంట్లో ఇప్పటికీ ఇద్దరినీ కలిపి "మీ డాక్టరు" అనే అంటారు. ఈవిడ చేసేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచించే తీరునూ అలవాట్లనూ మార్చే చికిత్స. చిన్ననాటి సంగతులన్నీ తవ్వి తీస్తారేమోనని మొదట్లో భయపడ్డాను గాని, ఇందులో బడిపిల్లలకు ఇచ్చినట్లు ఇంటిపని ఇవ్వడమే ఎక్కువ. బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో ప్రతిపాదించిన నమూనాను ఆవిడ తొలి సెషన్లలోనే బోర్డు మీద గుండ్రంగా గీసి చూపించారు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. మనసు దానిని గుండెపోటుగా అర్థం చేసుకుంటుంది. ఆ అర్థం వల్ల భయం పుడుతుంది. భయం వల్ల అడ్రినలిన్ విడుదలై గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. దాంతో మనసు తాను అనుకున్నదే నిజమని తీర్మానించుకుంటుంది. మొదటి దడ ఎక్కడి నుంచి వచ్చిందన్నది అంత ముఖ్యం కాదట. మెట్లెక్కినా రావచ్చు, బెజవాడ ఎండకైనా రావచ్చు. చక్రాన్ని తెంపవలసింది దానికి మనం చెప్పుకునే అర్థం దగ్గర.

ఈ రోజు ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక నిమిషం పాటు కావాలనే వేగంగా, లోతుగా ఊపిరి తీయమన్నారు. నిమిషం పూర్తికాకముందే పెదవులు మొద్దుబారాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి, తల తేలిపోయింది. నన్ను క్యాజువాలిటీకి పంపిన లక్షణాల్లో సగం, పట్టపగలు, ఫ్యాను కింద, నా అంతట నేనే తెప్పించుకున్నాను. అతిగా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని, దాంతో మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయని, తల తిరగడం అందుకేనని, తిమ్మిరి కూడా కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్లేనని ఆవిడ వివరించారు. ఊపిరి చాలడం లేదని అనిపించే ఆ క్షణాల్లో నిజానికి మనం అవసరానికి మించి ఊపిరి తీస్తుంటామన్న సంగతి నాకు ఎంత విన్నా కొత్తగానే ఉంటుంది.

అప్పుడు నాకొక సందేహం వచ్చి అడిగాను: ఇక్కడ కష్టపడి తెప్పించుకుంటున్న ఈ వణుకూ ఈ కడుపు తిప్పడమూ మాత్ర వల్ల రోజూ ఉదయం ఎలాగూ వస్తున్నాయి కదా, వాటిని కూడా ఈ అభ్యాసంలో భాగంగానే లెక్కవేసుకోవచ్చా అని. ఆవిడ నవ్వి, "మీ మాత్ర మీకు రోజూ ఉచితంగా హోంవర్కు ఇస్తోందన్నమాట" అన్నారు. తమాషాగా అన్నా ఆ మాట నాకు బాగా పట్టింది. ఇంతకాలం ఉదయపు వికారాన్ని భరించవలసిన నష్టంగా చూస్తూ, ఎప్పుడు తగ్గుతుందా అని గడియారం చూసుకుంటూ గడిపాను. ఇకనుంచి అది వచ్చినప్పుడు నోటుబుక్కు తీసి, ఏమి వచ్చింది, నేను దానిని ఏమనుకున్నాను, చివరికి ఏమయింది అని రాయాలి. మందూ చికిత్సా రెండూ ఒకేసారి మొదలుపెట్టడం ఎందుకని ఇంట్లో అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఇప్పుడు ఉంది.

తరువాత చర్చ నా పర్సు మీదికి మళ్లింది. అందులో ఆందోళనను త్వరగా అణచే 0.25 మిల్లీగ్రాముల క్లోనజెపాం మాత్రలు కొన్ని ఉంటాయి. అలవాటుగా మారే మందు కాబట్టి, తొలి వారాల్లో మరీ తట్టుకోలేనప్పుడు మాత్రమే వాడమని సైకియాట్రిస్టు గారు కొద్దిగానే రాశారు. మాత్రలతో పాటు నీళ్ల సీసా, పూర్తిగా ఛార్జి చేసిన ఫోను, బస్సులో తలుపు పక్క సీటు, ఇవన్నీ నా రక్షణ ఏర్పాట్లు. సైకాలజిస్టు గారి వాదన ఏమిటంటే, వీటితో గట్టెక్కిన ప్రతిసారీ మనసు ఆ ఘనతను నీళ్ల సీసాకు కట్టబెడుతుందే తప్ప, అసలు అపాయమే లేదన్న పాఠం నేర్చుకోదు. కాబట్టి ఈ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు సీసాను సంచిలోనే ఉంచి, బస్సు మధ్యలో కూర్చోవాలని ఒప్పందం.

బందరు రోడ్డులో ఆటోనగర్ వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కాను. 2025 ఆగస్టులో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైన తరువాత ఈ బస్సుల్లో ఖాళీ సీటు దొరకడం గగనమే, అయినా మధ్య వరుసలో కిటికీ పక్కన దొరికింది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బస్సు ఆగి, నడవా నిండా మనుషులు నిలబడి తలుపు కనిపించకుండా పోయినప్పుడు, అది వచ్చింది. ఛాతీ బిగిసింది, అరచేతులు చెమటపట్టాయి, దిగిపొమ్మని ఒళ్లంతా ఒక్కటే గోల. ఇది సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరి అక్కడి నుంచి తగ్గుతుందని, ప్యానిక్‌లో రక్తపోటు పడిపోవడానికి బదులు పెరుగుతుంది కాబట్టి స్పృహ తప్పడం అరుదని చదువుకున్నదంతా గుర్తుంది గాని, ఆ సమయంలో చదువు అంతగా పనికిరాదు. పనికివచ్చింది మధ్యాహ్నపు కుర్చీ. ఈ తిమ్మిరి నాకు తెలుసు, రెండు గంటల క్రితం దీనిని నేనే తయారుచేశాను, అని అనుకుంటూ దానిని ఆపే ప్రయత్నం చేయకుండా కూర్చున్నాను.

గెలిచానని చెప్పను. పటమటలో దిగేటప్పటికి జాకెట్టు చెమటతో తడిసిపోయింది, కాళ్లలో బలం లేదు, పక్క సీటులోని పెద్దావిడ "ఎండ దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగితే అవునన్నాను. అయితే మా స్టాపులోనే దిగాను, అంతకు ముందు కాదు. పర్సు జిప్పు తీయలేదు. నోటుబుక్కులో, భయం నూటికి 85 ఉంటుందని ముందు వేసిన అంచనాకు ఎదురుగా 70 అని, స్పృహ తప్పుతానన్న ఊహకు ఎదురుగా తప్పలేదని రాసుకున్నాను.

ఇంటికి వచ్చి సెషన్ రశీదును ఫైలులో పెడుతుంటే ఎప్పటి విసుగే వచ్చింది. మానసిక అనారోగ్యానికీ శారీరక అనారోగ్యానికీ బీమా సమానంగా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. నా పాలసీ మాత్రం ఆసుపత్రిలో చేరితేనే డబ్బులిస్తుంది కాబట్టి ఈ ఫీజులన్నీ జీతంలోంచే.

రాత్రి అన్నాల దగ్గర అత్తయ్యగారు, "ఈ మాత్రలు ఎన్నాళ్లు వాడాలమ్మా?" అని అడిగారు. తగ్గిన తరువాత కూడా ఏడాది వరకు వాడి, ఆ పైన మెల్లగా తగ్గిస్తారని చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నేను ఇరవై ఏళ్లుగా బీపీ బిళ్ల మింగుతున్నాను, ఎన్నాళ్లని నన్నెవరూ అడగలేదు. నిన్నెవరైనా అడిగితే నా దగ్గరికి పంపు" అన్నారు.

వచ్చే వారం గుడివాడలో మా వారి పిన్ని కూతురి పెళ్లి ఉంది. జనంతో నిండిన కల్యాణ మండపం నేను భయపడే చోట్ల జాబితాలో బస్సు కన్నా ఒక మెట్టు పైన ఉంది. ముందుగా క్లోనజెపాం వేసుకోకుండా వెళ్లాలని, మధ్య వరుసలో కూర్చోవాలని నిర్ణయించుకుని ఆయనకు చెప్పాను. ఇంకొక్క షరతు కూడా పెట్టాను.

"ఏవండీ, అక్కడ మాటిమాటికీ బాగానే ఉన్నావా అని అడగకండి. మీరు అడిగినకొద్దీ నేను ఒళ్లు తడుముకుని చూసుకుంటాను."

"మరి ఎప్పుడు అడగమంటావు?"

"ఇంటికి వచ్చాక, తీరిగ్గా."

ఆయన సరేనన్నారు. సైకాలజిస్టు గారికి చూపించవలసిన నోటుబుక్కులో ఈ షరతును కూడా తేదీ వేసి రాశాను.