నీళ్ళొచ్చినయ్, నడుము రాలే

ఇయ్యాల పొద్దున్నే ఎల్బీనగర్ల బస్సెక్కి మర్రిగూడ దిక్కు పెద్దమ్మోళ్ళ ఊరికి పోయిన. పని పెద్దదేం కాదు, ఆమె వికలాంగుల పింఛన్ దరఖాస్తు మళ్ళొకసారి రాయాలె, మా తమ్మునికి తీరుతలేదు, నన్ను రమ్మన్నడు. సాగర్ రోడ్డు మీద గున్‌గల్ దాటేటప్పుడు నాకు ఎప్పుడూ మనసు ఒక తీరుగ అయితది. 2004 నుంచి కోదండాపురం కాడ శుద్ధి చేసిన కృష్ణ నీళ్ళు మా నల్గొండ జిల్లా మీదికెళ్ళే పైపులల్ల హైదరాబాద్ పట్నం పోతున్నయ్, అప్పట్ల ఈడ చానా ఊర్లల్ల ఇంకా బోరింగ్ కొట్టుకుని, ఎముకలను బిగబట్టి వంకర చేసే ఫ్లోరైడ్ నీళ్ళే తాగుతున్నరు. మా దిక్కు భూమి కింద గ్రానైట్ రాయి, అండ్లకెళ్ళి ఫ్లోరైడ్ నీళ్ళల్లకు దిగుతది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దని లెక్క, కానీ కరువులకు బావులెండి బోర్లేసుకున్నంక ఆ లెక్క చూసేటోడెవడు.

పెద్దమ్మ అరుగు మీద కూసోని ఉంది. నేను పిలిస్తే మెడ తిప్పది, తిరగది కాబట్టి, మంచం కోడు పట్టుకుని మనిషి మొత్తం నా దిక్కు తిరిగింది. నీళ్ళు తాగాలన్నా తల ఎత్తలేదు, గ్లాసుల స్ట్రా ఏసి ఇస్తది కోడలు. తల దువ్వుకోనికి చెయ్యి చెవి దాక కూడ రాదు. ఇవన్నీ నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే, కానీ ఇయ్యాల దరఖాస్తు కాయితం ముందట పెట్టుకుని చూస్తుంటే వీటిల్ల ఒక్కదానికి కూడ అండ్ల గడి లేదు. పోయినసారి క్యాంపుల డాక్టరు చేతులు లేపమన్నడట, నాలుగడుగులు నడవమన్నడట, ఈమె పట్టుదలకు నడిచింది, వైకల్యం శాతం తక్కువేసిన్రు. నలభై శాతం ఉంటెనే పింఛను. "నడవమంటే నడిస్తి బిడ్డా, దొడ్డికి ఎట్ల కూసుంటవని అడిగితే చెప్పేదాన్ని" అన్నది. ఎవరూ అడగలే.

నాకు అక్కడనే అనిపించింది, మా జిల్లా కథ మొత్తం ఇట్లనే నడిచింది కదా అని. ఫ్లోరైడ్ నీళ్ళతోటి వచ్చే ఈ ఫ్లోరోసిస్ అనే జబ్బు మన దేశంల ఉందని 1937లనే అప్పటి నెల్లూరు జిల్లాల పట్టుకుని రాసిన్రు, డెబ్బయిలల్ల హైదరాబాద్ పోషకాహార సంస్థోళ్ళు మా ఊర్ల పిల్లల వంకర కాళ్ళ మీద పరిశోధన చేసిన్రు, పెద్ద పెద్ద పత్రికలల్ల అచ్చయింది. శాస్త్రం ఉంది, లెక్కలున్నయ్. నీళ్ళే రాలే. మరి ఎవరు కదిలిచ్చిన్రంటే, మనుషులు తమ గోడు ఊరు దాటేటట్టు చెప్పుకున్నప్పుడే కొంచెం కదిలింది. 1996 ఎంపీ ఎలక్షన్ల నల్గొండల 480 మంది నిలబడ్డరు. నీళ్ళ కోసం కొట్లాడిన జలసాధన సమితి, దాన్ని నడిపిన దుశర్ల సత్యనారాయణ గారు, ఆయన ఎంబడి వందల మంది, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడ్డది. దేశమంతా అప్పుడు అడిగింది, ఈ నల్గొండల ఏమైందని. ఆ ఏడే పార్లమెంట్ డిపాజిట్ ఐదు వందల నుంచి పది వేలు చేసిన్రు. బెళగావిల, తమిళనాడు మొడకురిచ్చిల కూడ అసొంటిదే జరిగింది లెండి, కానీ మా అసొంటి పేదోళ్ళకు ఆ తొవ్వ అట్ల మూతపడ్డది, అది నాకు ఇప్పటికీ బాధే.

తర్వాత 2003ల ఫ్లోరైడ్‌తోటి ఒళ్ళంతా వంకరపోయిన శివన్నగూడెం పిల్లగాడు అంశాల స్వామిని ఢిల్లీ తీస్కపోయి ప్రధాని వాజ్‌పేయి గారి ముందట బల్ల మీద పండబెట్టిన్రు. ఆ ఫొటో చూడని నల్గొండోడు ఉండడు. ఎన్ని రిపోర్టులు చెయ్యలేని పని ఆ పిల్లగాని ఒళ్ళు చేసింది, అది నేను ఎవరితోనైనా కొట్లాడి చెప్త. కానీ స్వామి తర్వాత సొంతంగ సెలూన్ పెట్టుకున్నడు, ఊరి కోసం మాట్లాడిండు, 2023 జనవరిల పోయిండు, ఆయన మాటలు ఎంతమందికి గుర్తున్నయ్? ఒళ్ళు గుర్తుంది అందరికీ. లీడర్లొస్తరు, కెమెరాలొస్తయ్, వంకర కాళ్ళు తీస్కుంటరు పోతరు. నీకేం కావాలె అని అడిగినోళ్ళు తక్కువ.

మిషన్ భగీరథ వచ్చింది, నల్లా తిప్పితే కృష్ణ నీళ్ళొస్తున్నయ్, నేను కాదనను, చానా పెద్ద పని అది. మా తమ్ముని బిడ్డ నవ్వుతే పళ్ళు తెల్లగ మెరుస్తున్నయ్, చూస్తే కడుపు నిండింది. నా పళ్ళ మీద గోధుమరంగు చారలు ఇంకా ఉన్నయ్, పట్నం హాస్టల్ల కొత్తగ చేరినప్పుడు గుట్కా తింటవా, పళ్ళు తోముకోవా అని అడిగిన్రు, నేను ఏడాది దాక చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్విన. జబ్బు నీళ్ళది, నింద మనిషిది. మా ఊర్లకు పిల్లనియ్యం అన్నోళ్ళు కూడ ఇట్లనే అన్నరు. ఈ నింద పోవాలంటే డాక్టర్ల కాయితం సరిపోదు, మా కథ మేమే చెప్పాలె.

2020ల తెలంగాణల ఫ్లోరైడ్ ఊరే లేదని సర్కారోళ్ళు చెప్పేసిన్రు. నీళ్ళ వరకు అది మంచి వార్తనే. కానీ ఆ మాట చెప్పిన కాడి నుంచి పెద్దమ్మ అసొంటోళ్ళు లెక్కలకెళ్ళే పోయిన్రు, సమస్య తీరింది కదా ఇంకేంది అన్నట్టు. ఎముకలల్ల పేరుకున్నది నల్లా మారంగనే పోతదా? "నీళ్ళు మంచిగనే వస్తున్నయ్ బిడ్డా, నడుము వస్తదా?" అన్నది పెద్దమ్మ, కోపం లేకుంటనే అన్నది.

అందుకే ఇయ్యాల దరఖాస్తు పక్కకు పెట్టి ముందుగాల ఆమెను మాట్లాడమన్న, ఫోన్ల రికార్డ్ చేసిన. పొద్దున లేసిన కాడి నుంచి ఏమేం చెయ్యలేదో, ఎవరి చెయ్యి ఎప్పుడు కావాలో, రాత్రి పక్కకు మళ్ళాలంటే కొడుకును లేపుడు ఎట్ల, ఒక్కొక్కటి చెప్పింది, నడిమిట్ల చింతపండు పులుసు ముచ్చట కూడ తీసింది, చింతపండు తింటే ఒంట్లకెళ్ళి ఫ్లోరైడ్ కొంచెం బయటకు పోతదని పోషకాహార సంస్థ పరిశోధనల్ల కూడ తేలింది అని చెప్తే మురిసిపోయింది. అన్నీ ఆమె మాటలల్లనే రాసి దరఖాస్తుకు పిన్ను కొట్టిన. చదివి వినిపిస్తే రెండు తప్పులు దిద్దించింది, ఫొటో మాత్రం వద్దన్నది, సరే అన్న.

మేం మాట్లాడుతుంటే పక్కింటి మామ గోడ అవతల నుంచి విన్నట్టుంది, నాది కూడ రాస్తవా అని అడిగిండు. ఆయనకు సర్టిఫికెటే లేదు. వచ్చే ఆదివారం మళ్ళీ పోతున్న, వాడకట్టుల ఇంకెవరెవరున్నరో తమ్మున్ని అడిగి పెట్టమన్న, గ్రామసభ ఎప్పుడుందో కూడ కనుక్కోవాలె.