రింగుకు మా మీద కోపమా?

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు సీజన్ మొదట్లో ఆడిన మూడు మ్యాచ్‌ల్లో వరుసగా 18, 21, 17 పాయింట్లు చేసింది. క్వార్టర్‌కు 10 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, మొత్తం 40 నిమిషాల ఆట. రెండు నిమిషాలకు ఒక పాయింటు అనుకోండి, అదీ అతి కష్టం మీద. అనంతపురంలో వాన కూడా ఇంతకంటే నయంగా పడుతుందని మా తమ్ముడు ఇంట్లో ఒకటే ఎగతాళి.

ముందు మా కోర్టు సంగతి చెప్పాలి. కాలేజీ వెనకాల సిమెంటు కోర్టు. పడమర వైపు గోడ లేదు, అంతా ఖాళీ స్థలం. ఆషాఢంలో మా ఊళ్ళో గాలి ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! మా ప్రాక్టీసేమో సాయంత్రం నాలుగున్నరకు, సరిగ్గా గాలి జోరుగా ఉండే వేళ. రింగులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి కాబట్టి, చేతిలోంచి వదిలిన బంతి రింగు చేరేలోపు జానెడు తూర్పుకు జరిగేది. మేము చాలా తెలివిగా జానెడు పడమరకు గురి పెట్టి వేయడం నేర్చుకున్నాం. మొదటి మ్యాచ్ కప్పు కింద, ఇండోర్ కోర్టులో పడింది. అక్కడ బంతి మేము గురి పెట్టిన చోటికే వెళ్ళింది. అంటే రింగు పక్కకు.

ఆ మ్యాచ్ అయ్యాక బస్సులో మా పాయింట్ గార్డ్, ధర్మవరం పిల్ల, "ఏమ్మే, ఆ రింగుకు మన మీద ఏమన్నా కోపమా?" అంది. అందరం నవ్వాం. రెండో మ్యాచ్ తర్వాత అదే మాట అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి ఇంటి నుంచి నిమ్మకాయ తెచ్చి బ్యాగులో పెట్టుకుంది. నేను కూడా ఎడమ కాలి బూటు ముందు వేసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మాకు ఆటలు నేర్పే పీడీ సార్ చెప్పిన మందు ఒక్కటే: షూటింగ్ పెంచండి. రోజుకు ఒక్కొక్కరు 200 షాట్లు వేయాలి. సార్ మంచి మనిషి, మాకంటే ముందే గ్రౌండ్‌కు వచ్చేవారు. ఆయన మాట విని చేతులు పడిపోయేలా వేశాం. సాయంత్రం ఇంటికెళ్ళి జడ వేసుకోవడానికి చెయ్యి లేచేది కాదు. అంత చేసి మూడో మ్యాచ్‌లో చేసింది 17.

ఆ మూడో మ్యాచ్‌కు నేను ఆడలేదు. రెండో మ్యాచ్ చివర్లో రీబౌండ్‌కు, అంటే రింగుకు తగిలి తిరిగొచ్చే బంతికి, ఎగిరి పక్కమ్మాయి కాలి మీద దిగాను. చీలమండ బెణికి గుమ్మడికాయలా వాచింది. డాక్టరు ఆరు వారాలు ఆడొద్దన్నాడు. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని, సార్ నా చేతికి ఒక 100 పేజీల నోటుబుక్కు ఇచ్చి, "మనవాళ్ళు ఎవరు ఎన్ని వేశారో రాయమ్మా" అన్నారు. సార్ ఉద్దేశం నన్ను ఊరుకోబెట్టడమే అని నా అనుమానం.

నేను మాత్రం కాస్త ఎక్కువే రాశాను. ఎడమ పేజీలో సగం కోర్టు బొమ్మ గీసి, ఎక్కడి నుంచి వేస్తే అక్కడ గుర్తు పెట్టాను. పడితే చుక్క, పడకపోతే ఇంటూ. ఇంటూ పక్కన ఇంకో అక్షరం: బంతి రింగు ముందు అంచుకు తగిలితే 'ము', వెనక అంచుకో బోర్డుకో తగిలి ఎగిరితే 'వె', పక్కకు పోతే 'ప', దేనికీ తగలకపోతే సున్నా. ఎందుకు అలా రాయాలనిపించిందో నాకే తెలీదు. కదలకుండా కూర్చున్నవాళ్ళకు ఏదో ఒక పని కావాలి కదా.

ఆ రాత్రి కాలి కింద దిండు పెట్టుకుని లెక్క కట్టాను. మొత్తం 47 షాట్లు, పడినవి 6. అంటే 12 పాయింట్లు. ఎదుటివాళ్ళు ఫౌల్ చేస్తే దక్కే, ఒక్కోదానికి ఒక్క పాయింటే వచ్చే ఫ్రీ త్రోలు 16 వస్తే 5 పడ్డాయి. అదీ మా 17. షాటు దాకా రాకుండానే బంతి పోగొట్టుకున్నది 23 సార్లు. తప్పిపోయిన 41 షాట్లలో 'ము' 9, 'ప' 5, సున్నాలు 3, 'వె' 24.

24 సార్లు రింగు వెనక్కి! రోజుకు 200 షాట్లు వేసి అలిసిపోయిన చేతులతో బంతి రింగు దాకా అందకపోతే అర్థముంది. మాది దాటిపోతోంది. ఇదెక్కడి విడ్డూరమో అనుకుంటూ నిద్రపోయాను.

మర్నాడు స్నానం చేస్తుంటే గుర్తొచ్చింది. ఆ మ్యాచ్‌లో మూడో క్వార్టర్ అయ్యాక బంతి దొర్లుకుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చింది. రిఫరీకి అందించేటప్పుడు గాలి కొట్టే రంధ్రం పక్కన 6 అని అంకె కనబడింది. కుంటుకుంటూ కాలేజీకి వెళ్ళి స్పోర్ట్స్ రూమ్ తీయించి మా బంతులు చూశాను. మూడు బంతులున్నాయి. ఒకదాని మీద అంకె పూర్తిగా అరిగిపోయింది. మిగతా రెండింటి మీద 7.

అవి అబ్బాయిల బంతులు. ఏడో నంబరు బంతి చుట్టుకొలత 75 సెంటీమీటర్లు, ఆపైన. అమ్మాయిల మ్యాచ్‌కు వాడే ఆరో నంబరు 71.5, 73 మధ్యలో ఉంటుంది. బరువులోనూ తేడానే. ఆరో నంబరు బంతి 550 గ్రాములు దాటకూడదు, ఏడో నంబరు 580 నుంచి మొదలై 620 దాకా పోతుంది. అబ్బాయిలు వాడి పాతబడ్డ బంతులు మాకు ఇచ్చేవారు, మేము అవే బంతులనుకుని ఆడాం. బరువైన బంతికి అలవాటైన చెయ్యి తేలిక బంతిని అంతే బలంతో తోస్తే రింగు దాటకేం చేస్తుంది? ఇంకా విచిత్రం, మ్యాచ్‌కు ముందు వార్మప్‌లో అందరం "బంతి చేతికి ఎంత ఇంపుగా ఉందే" అని మురిసిపోయాం కూడా!

సార్‌కు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనే చూసుకోవాల్సింది" అన్నారు. ఆ మాట అందరూ అనరు. కాలేజీ నుంచి డబ్బు మంజూరయ్యేసరికి సీజనే అయిపోతుందని, తలా 100 వేసుకుని టవర్ క్లాక్ దగ్గర ఆరో నంబరు రబ్బరు బంతి ఒకటి కొన్నాం. ప్రాక్టీసు కూడా గాలి పడిపోయి ఉండే తెల్లవారి పూటకు మార్చుకున్నాం. హాస్టల్ పిల్లలు తిట్టుకుంటూనే ఐదున్నరకు లేచారు.

ఇక పాయింట్ల వరద వస్తుందనుకున్నాం. నాలుగో మ్యాచ్‌లో 22 చేశాం.

ఆ రోజు నిజంగా మనసు విరిగింది. నేను కనిపెట్టిన రహస్యంతో జట్టు బాగుపడిపోతుందని ఇంట్లో కూడా గొప్పలు చెప్పుకున్నాను. నోటుబుక్కులో 'వె'లు తగ్గాయి, 'ప'లు తగ్గాయి. ఇంటూలు మాత్రం అలాగే ఉన్నాయి.

మా కాలేజీలోనే చదివి, యూనివర్సిటీ జట్టుకు ఆడి, ఇప్పుడు ఒక స్కూల్లో పీఈటీగా ఉన్న అక్క ఒకామె ఉంది. సార్ పిలిస్తే ఒక ఆదివారం వచ్చింది. మా ఆట పది నిమిషాలు చూసింది, నా నోటుబుక్కు అరగంట చూసింది. ఎడమ పేజీలోని బొమ్మల మీద వేలు పెట్టి, "బంతి మార్చినారు, బాగుంది. చోటు మార్చలేదే పాపా" అంది.

నిజమే. 'ము', 'వె'ల మోజులో పడి నేను గీసిన బొమ్మనే నేను సరిగా చూడలేదు. మూడో మ్యాచ్‌లో 47 షాట్లలో 31 దూరం నుంచి వేసినవే. వాటిలో పడినవి 2. దగ్గర నుంచి వేసిన 16లో 4 పడ్డాయి. నాలుగో మ్యాచ్ పేజీ కూడా దాదాపు అదే బొమ్మ.

మా వైపు కాలేజీ జట్లన్నీ ఎక్కువగా జోన్ ఆడతాయి. ఇద్దరు ముందు, ముగ్గురు రింగు దగ్గర. మనిషిని కాకుండా చోటును కాపలా కాస్తారు. పరుగు తక్కువ, నేర్పడం తేలిక. దాని ముందు నిలబడి మేము చేసేదేమిటంటే, బంతిని ఈ చివరి నుంచి ఆ చివరికి బయటే తిప్పడం. బంతి చేతికొచ్చాక 24 సెకన్లలోపు షాటు వేయాలి, కానీ మా మ్యాచ్‌ల్లో ఆ 24 సెకన్ల గడియారం బోర్డు ఎక్కడుంటుంది! టేబుల్ దగ్గర ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని చివర్లో గట్టిగా అంకెలు చెబుతారు. ఆ అరుపు వినగానే టెన్షన్ పడి, ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఉన్నచోటి నుంచే విసిరేసేవాళ్ళు. మేము దాన్ని షూటింగ్ బాగాలేకపోవడం అనుకున్నాం.

అక్క ఫ్రీ త్రో గీత మధ్యలో సుద్దముక్కతో ఒక గుండ్రం గీసింది. "జోన్‌కు కడుపు ఇక్కడ. ముందరి ఇద్దరికీ ఇది వెనక, వెనకున్న ముగ్గురికీ ఇది ముందర. ఎవరిదీ కాని చోటు. ఇక్కడ మన పిల్ల చేతికి బంతి వస్తే, రింగు కింద నుంచి ఎవరో ఒకరు పైకి రావాల్సిందే. వచ్చినారంటే కింద ఖాళీ." తర్వాత ఒక్కటే షరతు పెట్టింది: ఆ గుండ్రంలో ఉన్న అమ్మాయి చేతికి బంతి తగలకుండా ఎవరూ రింగు వైపు చూడకూడదు. చూస్తే ఐదు పుషప్‌లు.

గుండ్రంలో నిలబడాల్సింది మా గుత్తి అమ్మాయి. జట్టులో అందరికంటే పొడుగు, అందరికంటే భయస్తురాలు. రింగుకు వీపు పెట్టి బంతి అందుకోవడం ఆమెకు చచ్చేంత భయం, వెనక నుంచి ఎవరొచ్చి గుద్దుతారో తెలీదు కదా. మొదటి వారం బంతి అందగానే వేడి పెనం ముట్టుకున్నట్టు వెనక్కి విసిరేసేది. మూడు సెకన్లకు మించి పెయింట్ లోపల, అంటే రింగు ముందు గీతలు గీసిన పెట్టెలో, నిలబడితే విజిల్ పడుతుంది, ఆ సంగతి మరిచిపోయి విగ్రహంలా నిలబడేది కూడా. అక్క కసరలేదు. ప్రతి పూట ప్రాక్టీసు అయ్యాక ఆమెను ఒక్కదాన్నే ఆపి, వెనక నుంచి తానే భుజంతో నెట్టుతూ బంతి అందుకోమనేది. తర్వాత తెలిసింది, స్కూలుకు వెళ్ళేలోపు ఇంట్లో వంట కూడా చేసుకుని వచ్చేదట. మా అమ్మ అది విని మర్నాటి నుంచి అక్కకు కూడా ఉగ్గాని డబ్బా కట్టి పంపింది.

రెండో వారం చివర్లో ఒక పొద్దున గుత్తి అమ్మాయి బంతి అందుకుంది, ఒక్క క్షణం ఆగింది, భుజం మీదుగా వెనక్కి చూసింది, కింద ఖాళీగా ఉన్న ధర్మవరం పిల్లకు నేల మీద కొట్టి పాస్ ఇచ్చింది. లేఅప్, అంటే రింగు దగ్గరికెళ్ళి వేసే షాటు. పడింది. ప్రాక్టీసులో పడిన ఒక్క బాస్కెట్‌కు అంత గోల చేసిన జట్టును నేను మళ్ళీ చూడలేదు. వాచ్‌మన్ తాత ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు.

ఫ్రీ త్రోల సంగతి చిన్నదే, కానీ నాకు ఎక్కువ ఒళ్ళు మండింది దాని మీదే. అడ్డం వచ్చేవాళ్ళు ఉండరు, బోర్డుకు 4.6 మీటర్ల దూరంలో నిలబడి తీరిగ్గా వేసుకోవచ్చు. 16లో 11 పోగొట్టుకున్నాం. మేము ఫ్రీ త్రోలు ప్రాక్టీసు చేసేది మొదట్లో, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు. మ్యాచ్‌లో అవి వచ్చేది ఆయాసపడుతున్నప్పుడు. అక్క వరస మార్చేసింది. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు రెండు సార్లు పరుగెత్తి, రొప్పుతూ వచ్చి రెండు వేయాలి. నా 'ము'ల గురించి అప్పుడే చెప్పింది: బంతి రింగు ముందు అంచుకు తగిలిందంటే చెయ్యి తప్పు కాదు, కాళ్ళు అలిసిపోయి మోకాళ్ళు వంగలేదని అర్థం. నేను ఆ మాటను అట్ట లోపలి వైపు రాసుకున్నాను.

తర్వాతి రెండు మ్యాచ్‌ల్లో 29, 34. బంతి పోగొట్టుకోవడం 23 నుంచి 15కు వచ్చింది, అంతకంటే తగ్గలేదు. ఇప్పటికీ మాకు పాసింగ్ సరిగా రాలేదనే నేనంటాను, ధర్మవరం పిల్ల ఒప్పుకోదు.

యూనివర్సిటీ ఇంటర్ కాలేజియేట్ పోటీలకు నా కాలు బాగైంది. నోటుబుక్కు ఫస్టియర్ పిల్ల చేతిలో పెట్టాను, గుర్తులన్నీ నేర్పించాను. మొదటి మ్యాచ్ 38 కొట్టి గెలిచాం. సెమీస్‌లో హిందూపురం జట్టు మీద 41 చేశాం, వాళ్ళు 45. ఓడిపోయినా 41 అనే అంకెను స్కోరు షీటు మీద మళ్ళీ మళ్ళీ చూసుకున్నాం. గుత్తి అమ్మాయివే అందులో 14.

బస్సులో నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. నా పేరు కింద ఐదు షాట్లు. రెండు చుక్కలు, మూడు ఇంటూలు. మూడింటి పక్కనా గుండ్రటి అక్షరాలతో 'ము', 'ము', 'ము'. తలెత్తి చూస్తే ఆ పిల్ల కిటికీ వైపు మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంటోంది.

"అక్కా, ఏమనుకోవద్దు," అంది చివరికి, "మోకాళ్ళు అస్సలు వంచడం లేదు నువ్వు."